ఇంగ్లీష్ వీడియోలతో వినడం, మాట్లాడడం: తరచుగా అడిగే ప్రశ్నలు

ఇంగ్లీష్ నేర్చుకుంటున్నవాళ్ళతో కూర్చున్న ప్రతిసారీ ఇవే సందేహాలు తిరిగి తిరిగి వస్తున్నాయి. ఒక్కొక్కరికీ విడిగా చెప్పి చెప్పి, చివరికి ఒకచోట రాసిపెట్టాను. వరుసగా చదవనక్కర్లేదు. మీకు పనికొచ్చే ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్ళిపోండి.

## మొదలుపెట్టే ముందు

ఏడాదిగా రోజూ ఇంగ్లీష్ వీడియోలు చూస్తున్నాను. అర్థమవుతోంది కానీ నోరు పెగలడం లేదు, ఎందుకు?

ఏడాదిగా మీరు చెవికే పని చెప్పారు, నోటికి చెప్పలేదు. కెనడాలో ఇంగ్లీష్ మాట్లాడే ఇళ్ళ పిల్లలకు బడిలో పాఠాలు ఫ్రెంచ్‌లో చెప్పే పద్ధతి ఒకటుంది. ఏళ్ళ తరబడి అలా చదివిన పిల్లలు ఫ్రెంచ్ వింటే చక్కగా అర్థం చేసుకునేవారు. నోరు తెరిస్తే మాత్రం తప్పులు దొర్లేవి. మెరిల్ స్వెయిన్ అనే పరిశోధకురాలు వీళ్ళను గమనించే, వినడం ఒక్కటే చాలదు, సొంతంగా మాట్లాడక తప్పని పరిస్థితి కూడా ఉండాలని 1985లో వాదించారు. వినేటప్పుడు సందర్భాన్ని బట్టి అర్థం ఊహించేయొచ్చు. 'హి గోస్' అన్నాడో 'హి వెంట్' అన్నాడో పట్టించుకోకపోయినా కథ నడిచిపోతుంది. మాట్లాడేటప్పుడు రెండింట్లో ఏదో ఒకటి మీరే తేల్చుకోవాలి. అందుకని చూసే సమయంలో సగం కోసి నోటికి ఇవ్వండి. పది నిమిషాల వీడియో చూసి మూసేయడం కంటే, ఒక నిమిషం ముక్క చూసి మిగతా తొమ్మిది నిమిషాలు దాని గురించి పైకి మాట్లాడడం ఎంతో నయం.

నా స్థాయికి ఏ వీడియో సరిపోతుందో ఎలా తెలుస్తుంది?

క్యాప్షన్లు ఆపేసి ఒక నిమిషం వినండి. దేని గురించి మాట్లాడుతున్నారో చెప్పగలిగి, నాలుగైదు చోట్ల మాత్రమే తడబడితే అది మీకు తగిన వీడియో. అసలు విషయమే అంతుపట్టకపోతే నిర్మొహమాటంగా పక్కన పెట్టేయండి. ఎక్కడా తడబడకపోతే అది కాలక్షేపం. చూడండి, కానీ సాధన కింద లెక్కేసుకోకండి.

కొత్తవాళ్ళు నేర్చుకునేవాళ్ళ కోసమే తయారుచేసిన వాటితో మొదలుపెట్టడం మంచిది. వాయిస్ ఆఫ్ అమెరికా 1959లో 'స్పెషల్ ఇంగ్లీష్' పేరుతో ఇలాంటి ప్రసారాలు మొదలుపెట్టింది. సుమారు 1500 మాటలతోనే సరిపెట్టుకుని, మామూలు వేగంలో మూడింట రెండు వంతుల వేగంతో చదివేవారు. మీరు ఎంచుకునే వీడియోలోనూ ఆ రెండే చూడండి: మాటలు తెలిసినవేనా, వేగం నిదానంగా ఉందా. బీబీసీ లెర్నింగ్ ఇంగ్లీష్ వారి '6 మినిట్ ఇంగ్లీష్', బ్రిటిష్ కౌన్సిల్ వీడియోలు దీనికి పై మెట్టు. టెడ్ ప్రసంగాలు ఆ తర్వాత. సినిమాలు, కామెడీ సీరీస్‌లు అన్నిటికంటే పైన, ఎందుకంటే అక్కడ ఒకరి మాట మీద ఇంకొకరి మాట పడుతుంది, వెనకాల సంగీతం, పైగా జోకులు. చాలామంది నేరుగా ఆ చివరి మెట్టు మీదికి గెంతి, రెండు వారాల్లో 'ఇది నావల్ల కాదు' అని మానేస్తారు.

రోజుకు ఎంతసేపు?

ఇరవై నిమిషాలు, తప్పకుండా. ఆదివారం మూడు గంటలు కూర్చుని మిగతా ఆరు రోజులు ముట్టుకోకపోవడం కంటే ఇది చాలా మేలు. వీడియో ముక్క మాత్రం రెండు నిమిషాలు దాటనివ్వకండి.

ఆడియో వింటే సరిపోదా? వీడియోనే ఎందుకు?

మనం చెవితోనే వింటున్నామనుకుంటాం కానీ కంటితోనూ వింటాం. 1976లో హ్యారీ మెక్‌గర్క్, జాన్ మెక్‌డొనాల్డ్ అనే ఇద్దరు పరిశోధకులు ఒక తమాషా బయటపెట్టారు. తెర మీద మనిషి పెదవులు 'గ' అంటున్నట్టు కదులుతుంటే, దాని మీద 'బ' అనే ధ్వని వినిపించారు. చూసినవాళ్ళలో చాలామందికి వినిపించింది 'గ' కాదు, 'బ' కాదు, 'డ'! పెదవుల కదలిక అంతగా వినికిడిని మార్చేస్తుంది. అందుకని మాట్లాడేవారి ముఖం దగ్గరగా కనిపించే వీడియోలు ఎంచుకోండి. స్లైడ్లు నడుస్తుంటే వెనక నుంచి గొంతు వినిపించే వీడియో అంటే పేరుకే వీడియో, నిజానికి ఆడియోనే. బాగా అలవాటైన ముక్కను నడుస్తూనో పని చేసుకుంటూనో ఆడియోగా మళ్ళీ వినడం మంచిదే. మొదటిసారి మాత్రం ముఖం చూస్తూ వినండి.

తెలుగులో ఇంగ్లీష్ నేర్పే ఛానళ్ళు చూడొచ్చా?

వ్యాకరణం అర్థం కావడానికి చూడొచ్చు. ఒకసారి గడియారం పెట్టి చూడండి: పదిహేను నిమిషాల పాఠంలో మీ చెవిన పడిన ఇంగ్లీష్ ఎన్ని నిమిషాలు? మిగతాదంతా తెలుగే అయితే, ఆ సమయాన్ని వినికిడి సాధన ఖాతాలో వేసుకోకండి.

## వినడం

చదివితే అర్థమవుతుంది, వింటే అర్థం కాదు. నా చెవుల్లోనే ఏదైనా లోపమా?

లోపమేమీ లేదు. ఇంగ్లీష్ సంధులు మనకెవరూ నేర్పలేదు, అంతే. మనం 'ఏమి చేస్తున్నావు' అని రాసి 'ఏంజేస్తున్నావ్' అంటాం. తెలుగు కొత్తగా నేర్చుకునే మనిషి ఆ 'జే' ఎక్కడి నుంచి వచ్చిందా అని నిఘంటువు తిరగేసుకుంటాడు. ఇంగ్లీష్ ముందు మనం చేస్తున్నదీ అదే. 'డిడ్ యూ' అన్నది 'డిజూ' అవుతుంది. 'వాంట్ టు' అన్నది 'వానా' అవుతుంది. 'యాన్ ఆపిల్' రెండు మాటలుగా కాక 'అనాపిల్' అని ఒకే మాటగా దొర్లుతుంది. అమెరికన్ల నోట 'వాటర్'లోని 'ట' మన 'డ'కు దగ్గరగా వచ్చి 'వాడర్' అవుతుంటే, నాకైతే బళ్ళో బట్టీ పట్టిన సరళాదేశ సంధి గుర్తొస్తుంది. తేడా ఒక్కటే. మన సంధులు చాలావరకు రాతలోనూ కనిపిస్తాయి, వాళ్ళవి నోట్లోనే జరిగిపోతాయి, కాగితం మీద జాడ ఉండదు.

దీనికి తోడు ఊనిక ఒకటి. తెలుగులో ప్రతి అక్షరాన్నీ ఇంచుమించు సమానంగా పలుకుతాం. ఇంగ్లీష్‌లో ముఖ్యమైన మాటను ఒత్తి పలికి, 'ఆఫ్', 'టు', 'ఫర్', 'క్యాన్' లాంటి చిన్న మాటల్ని మింగేస్తారు. 'ఐ క్యాన్ డూ ఇట్' అన్నప్పుడు ఆ 'క్యాన్' కాస్తా 'కన్' అయిపోతుంది. అమెరికన్ నోట 'క్యాన్' నిండుగా వినిపించి చివర చటుక్కున ఆగిందంటే, అది 'కాదు' అని చెప్పే 'క్యాంట్' అయి ఉండే అవకాశమే ఎక్కువ. ఈ ఒక్క తేడా పట్టుకోలేక ఒప్పుకున్నారో లేదో తెలియక తికమకపడ్డవాళ్ళను చాలామందిని చూశాను.

సబ్‌టైటిల్స్ పెట్టుకోవాలా, వద్దా?

ఇంగ్లీష్‌వి పెట్టుకోండి, తెలుగువి వద్దు. 2009లో హోల్గర్ మిటరర్, జేమ్స్ మెక్వీన్ అనే పరిశోధకులు దీన్ని డచ్ ప్రేక్షకులతో పరీక్షించి చూశారు. స్కాటిష్, ఆస్ట్రేలియన్ యాసల ఇంగ్లీష్ వీడియోలు చూపించారు. ఇంగ్లీష్ సబ్‌టైటిల్స్‌తో చూసినవాళ్ళ చెవి ఆ యాసకు బాగా అలవాటుపడింది. డచ్ సబ్‌టైటిల్స్‌తో చూసినవాళ్ళకు, అదే యాసలో కొత్త వాక్యాలు వినిపించినప్పుడు, ఆ సబ్‌టైటిల్స్ మేలు చేయకపోగా అడ్డుపడ్డాయి. మాతృభాష కంట పడగానే మనసు చెవిని వదిలేసి హాయిగా చదువుకుంటూ పోతుంది. నేనూ మొదట్లో ఒక సీరీస్ మొత్తం తెలుగు సబ్‌టైటిల్స్‌తో చూశాను. కథంతా ఇప్పటికీ చెప్పగలను, అందులోని ఒక్క ఇంగ్లీష్ వాక్యం గుర్తులేదు.

ఇంగ్లీష్ క్యాప్షన్లు కూడా మొదటిసారే పెట్టేయకండి. ఒకసారి అవి లేకుండా వినండి, రెండోసారి వాటితో, మూడోసారి మళ్ళీ తీసేసి. ఆ మూడోసారి, అంతకుముందు గజిబిజిగా ఉన్న చోట మాటలు విడివిడిగా వినిపిస్తాయి.

ఆటోమేటిక్‌గా వచ్చే క్యాప్షన్లను నమ్మొచ్చా?

యూట్యూబ్ వీటిని 2009లో తెచ్చింది, అప్పటికీ ఇప్పటికీ చాలా మెరుగయ్యాయి. అయినా మనుషుల పేర్ల దగ్గర, బలమైన యాసల దగ్గర, ఇద్దరు ఒకేసారి మాట్లాడే చోట బోల్తా కొడతాయి. మొదట్లో మనుషులు రాసిన క్యాప్షన్లు ఉన్న వీడియోలే ఎంచుకోండి. క్యాప్షన్ల మెనూలో 'ఆటో జనరేటెడ్' అని ఉంటే అవి యంత్రం రాసినవని గుర్తు. కొన్నాళ్ళయ్యాక ఆ తప్పుల్ని మీరే పట్టుకోవడం మొదలవుతుంది. అప్పుడు కలిగే గర్వం అంతా ఇంతా కాదు.

స్పీడ్ తగ్గించి వినొచ్చా?

0.75 వరకు పరవాలేదు. అంతకంటే తగ్గిస్తే గొంతు సాగి, తాగి మాట్లాడుతున్నట్టుంటుంది. ఒక సంగతి గుర్తుంచుకోండి: వేగం తగ్గించినంత మాత్రాన మింగేసిన అక్షరం తిరిగి రాదు. 'డిజూ'ను ఎంత సాగదీసినా 'డిడ్ యూ' కాదు, 'డి...జూ' అవుతుంది. కాబట్టి వేగం తగ్గించడం కంటే ఆ రెండు సెకన్ల ముక్కనే పదిసార్లు తిప్పి వినడం మేలు. కంప్యూటర్‌లో యూట్యూబ్ చూస్తుంటే ఎడమ బాణం నొక్కితే 5 సెకన్లు, జె అక్షరం నొక్కితే 10 సెకన్లు వెనక్కి వెళ్తుంది. ఫోన్‌లో తెర ఎడమవైపు రెండుసార్లు తడితే మామూలుగా 10 సెకన్లు.

ఒకే ముక్కను పదేపదే వినమంటున్నారు. అసలు దానితో ఏం చేయాలి?

కాగితం, రెండు రంగుల పెన్నులు దగ్గర పెట్టుకోండి. ఇరవై సెకన్ల ముక్క తీసుకోండి. క్యాప్షన్లు లేకుండా వింటూ, ఆపుతూ, వినిపించింది వినిపించినట్టు రాయండి. వినిపించని చోట గీత గీసి ముందుకు పదండి. అలా నాలుగుసార్లు తిప్పాక ఇక కొత్తగా ఏదీ పట్టుబడదు. అప్పుడు క్యాప్షన్లు పెట్టి రెండో రంగుతో ఖాళీలు నింపండి.

అసలు పని ఇక్కడ మొదలవుతుంది. ప్రతి ఖాళీ దగ్గరా ఒకటే ప్రశ్న వేసుకోండి: ఈ మాట నాకు తెలియదా, తెలిసీ వినిపించలేదా? ఒకమ్మాయి కాగితంలో చూసిన ఉదాహరణ చెబుతాను. 'ఐ షుడ్ హావ్ టోల్డ్ యూ ఎర్లియర్' అన్నది వాక్యం. ఆమె రాసుకున్నది 'ఐ షుడ్ ఆఫ్ టోల్...', ఆ తర్వాత గీత. ఆరు మాటలూ ఆమెకు తెలిసినవే. 'హావ్' ముందున్న 'హ' ఎగిరిపోయి 'అవ్'గా మిగిలింది, 'టోల్డ్ యూ' కలిసి 'టోల్జూ' అయింది. నిజానికి ఆ 'హావ్'ను 'ఆఫ్' అని ఇంగ్లీష్ మాతృభాషగా ఉన్నవాళ్ళే తప్పుగా రాసేస్తుంటారు కాబట్టి ఆమె చెవి తప్పేమీ వినలేదు! తెలియని మాటైతే నిఘంటువు చూస్తే తీరిపోతుంది. తెలిసీ వినిపించని మాటలే మీ అసలు పాఠ్యపుస్తకం, వాటిని విడిగా రాసుకోండి. రెండు మూడు వారాల్లో అవే నాలుగైదు సంధులు మళ్ళీ మళ్ళీ వస్తున్నాయని మీకే తెలిసిపోతుంది.

కొత్త మాటలన్నీ రాసుకోవాలా?

వద్దు, విసుగొచ్చి నోట్‌బుక్ మూలన పడుతుంది. మామూలు సంభాషణల్లో నూటికి 98 మాటలు తెలియాలంటే ఆరేడు వేల మాటల కుటుంబాలు (ఒక మాట, దాని రూపాలన్నీ కలిపి ఒక కుటుంబం) కావాలని పాల్ నేషన్ అనే పరిశోధకుడు 2006లో లెక్కగట్టారు. అవన్నీ ఒక్కో వీడియో నుంచి ఏరుకుని బట్టీ పట్టేవి కావు. ఒక ముక్కకు మూడు మాటలు చాలు, అవీ వాక్యంతో సహా. ఒంటరి మాటగా రాసుకుంటే అర్థం గుర్తుంటుంది కానీ మాట్లాడేటప్పుడు నోటికి అందదు.

బ్రిటిష్ నేర్చుకోవాలా, అమెరికనా?

వినడానికి రెండూ, ఇంకా దొరికినన్ని యాసలూ. మాట్లాడడానికి మీకు గొంతు నచ్చిన ఒక మనిషిని ఎంచుకుని కొన్ని నెలలు వారినే అనుకరించండి.

## మాట్లాడడం

షాడోయింగ్ అంటారు కదా, అది ఎలా చేయాలి?

మాట్లాడేవారి వెనకే నీడలా మాట్లాడుతూ పోవడం. దుబాసీల శిక్షణలో వాడే పద్ధతి ఇది. వాక్యం పూర్తయ్యాక ఆపి తిరిగి చెప్పడం వేరు, అది కూడా మంచిదే. షాడోయింగ్‌లో ఆపకూడదు, మాట చెవిన పడీ పడగానే నోటి నుంచి రావాలి. ముందే పూర్తిగా అర్థమైన ముక్క తీసుకోండి, అర్థం కానిదాన్ని అనుకరిస్తే చిలకపలుకులే మిగులుతాయి. ముప్పై సెకన్లు చాలు. మొదట పెదవులు కదుపుతూ గొణగండి, తర్వాత క్యాప్షన్లు చూస్తూ పైకి, ఆ తర్వాత చూడకుండా. ఒక చెవికే ఇయర్‌ఫోన్ పెట్టుకుంటే రెండో చెవితో మీ గొంతు వినొచ్చు. మాట జారిపోతే వెనక్కి వెళ్ళకండి, రాగం పట్టుకుని ముందుకు పోండి. పాట నేర్చుకునేటప్పుడు సాహిత్యం రాకపోయినా వరస ముందు పట్టుబడుతుంది కదా, ఇదీ అంతే.

ఎదురుగా మాట్లాడే మనిషే లేకపోతే సాధన ఎలా?

వీడియోలో విన్నది మీ మాటల్లో తిరిగి చెప్పండి. దీనికి 4-3-2 అని ఒక పాత పద్ధతి ఉంది. ఫోన్‌లో టైమర్ పెట్టి నాలుగు నిమిషాలు చెప్పండి. అదే విషయాన్ని మళ్ళీ మూడు నిమిషాల్లో, ఆ తర్వాత రెండు నిమిషాల్లో. మొదటిసారి 'అంటే... ఏమంటారు...' అని తడుముకున్న చోట మూడోసారికి వాక్యం సిద్ధంగా ఉంటుంది, ఎందుకంటే ఏం చెప్పాలో వెతుక్కునే శ్రమ తగ్గి, ఎలా చెప్పాలన్నదే మిగులుతుంది. నాలుగు నిమిషాలు మరీ ఎక్కువనిపిస్తే రెండు, ఒకటిన్నర, ఒకటి పెట్టుకోండి.

ఏ ఉచ్చారణ తప్పులు ముందు సరిచేసుకోవాలి?

తెలుగువాళ్ళం మనందరిలో కనిపించేవి కొన్ని ఉన్నాయి. 'వి', 'డబ్ల్యు' రెండూ మనకు ఒకటే 'వ'. పడమర అనే అర్థమున్న 'వెస్ట్', లోపల తొడుక్కునే 'వెస్ట్' తెలుగు లిపిలో రాస్తే తేడాయే లేదు! వీడియో ఆపి పెదవులు చూడండి: పడమరకు రెండు పెదవులూ గుండ్రంగా ముందుకొస్తాయి, బట్టకు పై పళ్ళు కింది పెదవిని తాకుతాయి. అద్దం ముందు అలాగే చేయండి.

రెండోది, మాట చివర అచ్చు తగిలించడం. తెలుగు మాటలు ఎక్కువగా అచ్చుతో ముగుస్తాయి కాబట్టి 'బుక్' కాస్తా 'బుక్కు' అవుతుంది. మూడోది, భూతకాలం 'ఇ-డి'. దాన్ని అన్నిచోట్లా 'ఎడ్' అనకూడదు. 'వాక్ట్', 'ప్లేడ్', 'వాంటిడ్' అని మూడు రకాలు. 'ట', 'డ' ధ్వనులతో ముగిసే మాటలకే ఆ అదనపు 'ఇడ్'.

ఏదైనా మాట ఎలా పలకాలో సందేహం వస్తే యూగ్లిష్ అనే సైట్‌లో టైప్ చేయండి. యూట్యూబ్ వీడియోల్లో రకరకాల మనుషులు ఆ మాట పలికిన చోట్లన్నీ వరుసగా చూపిస్తుంది. నిఘంటువులో ఒకే గొంతు వినడం కంటే పదిమంది నోట వినడం బాగా నాటుకుంటుంది.

రికార్డు చేసుకున్న నా గొంతు నాకే వినబుద్ధి కాదు. తప్పదా?

తప్పదు. మన గొంతు మనకు గాలి ద్వారానే కాక తల ఎముకల ద్వారా కూడా వినిపిస్తుంది, రికార్డింగులో ఆ రెండోది ఉండదు. అందుకే పరాయి గొంతులా తోస్తుంది. మిగతా అందరూ మొదటి నుంచీ వింటున్నది ఆ గొంతునే, వాళ్ళకేం ఇబ్బంది లేదు. వినేటప్పుడు ఒక్క విషయం మీదే చెవి పెట్టండి, ఇవాళ మాట చివర్లు, రేపు ఊనిక. అన్ని తప్పులూ ఒకేసారి వెతికితే మర్నాడు రికార్డు బటన్ నొక్కబుద్ధి కాదు.

ముందు తెలుగులో అనుకుని ఇంగ్లీష్‌లోకి మార్చుకుంటున్నాను. ఈ అలవాటు పోయేదెలా?

తెలుగులో క్రియ చివర వస్తుంది, ఇంగ్లీష్‌లో కర్త వెంటే వచ్చేస్తుంది. తెలుగు వాక్యం మొత్తం మనసులో కట్టి, తోక పట్టుకుని ముందుకు లాక్కొచ్చేసరికి ఎదుటివారు వేరే విషయంలోకి వెళ్ళిపోతారు. వీడియోల నుంచి మాటలు కాక, మాటల గుత్తులు ఏరుకోండి: 'ఐ వాజ్ జస్ట్ అబౌట్ టు...', 'ద థింగ్ ఈజ్...', 'ఇట్ డిపెండ్స్ ఆన్...' లాంటివి. ఒక గుత్తి తీసుకుని మీ జీవితంలోని ఐదు సంగతులు దాని వెనక తగిలించి పైకి చెప్పండి. మొదటి సగం రెడీగా నోట్లో ఉంటే మిగతా సగం ఆలోచించుకునే వ్యవధి దొరుకుతుంది.

తెలుగు యాస పోవాలా?

అక్కర్లేదు. ఎదుటివారు రెండోసారి అడగకుండా అర్థమైతే చాలు.

## కొన్ని నెలలయ్యాక

మూడు నెలలైంది. మెరుగవుతున్నానో లేదో ఎలా తెలుసుకోవాలి?

మొదటి వారంలోనే ఏదో ఒక వీడియో గురించి రెండు నిమిషాలు మాట్లాడి రికార్డు చేసి దాచండి. మూడు నెలలకు అదే వీడియో గురించి, పాత రికార్డింగు వినకుండా, మళ్ళీ మాట్లాడండి. తర్వాత రెండూ పక్కపక్కన వినండి. తప్పులు లెక్కపెట్టకండి, ఎక్కడ ఆగారో లెక్కపెట్టండి. ఆగడం తగ్గిందా? వాక్యం మధ్యలో ఆగడం పోయి వాక్యాల మధ్య ఆగుతున్నారా? మెరుగైనట్టే.

యూట్యూబ్ తెరిచేది ఇంగ్లీష్ కోసమే, పది నిమిషాల్లో తెలుగు కామెడీలో తేలుతున్నాను. ఏం చేయాలి?

సాధన కోసం వేరే అకౌంట్ పెట్టుకోండి, అందులో ఇంగ్లీష్ తప్ప ఇంకేమీ చూడకండి. వారానికి సరిపడా వీడియోలు ఆదివారమే ప్లేలిస్ట్‌లో వేసుకుంటే రోజూ వెతుకులాట ఉండదు.

వీడియోలు బాగానే అర్థమవుతున్నాయి. ఎదుట మనిషి మాట్లాడితే మళ్ళీ మొదటికొస్తోంది. ఎందుకిలా?

మనిషికి వెనక్కి తిప్పే బటన్ లేదు. పైగా వింటూనే జవాబు వెతుక్కోవాలి. వారానికో రోజు ఈ పరిస్థితిని మీరే కల్పించుకోండి: ఇంటర్వ్యూ వీడియో పెట్టి, అడిగేవారి ప్రశ్న అవగానే ఆపి, మూడు సెకన్లలో మీ జవాబు మొదలుపెట్టండి. వెనక్కి తిప్పడం నిషేధం.

తిరిగి అడగడం కూడా సాధన చేయాల్సిన విషయమే. ఊరికే 'సారీ?' అంటే వాళ్ళు అదే వాక్యాన్ని అదే వేగంతో మళ్ళీ అంటారు. ఎక్కడ తెగిపోయిందో అది చెప్పి అడగాలి. ఒకసారి ఫోన్‌లో మాట్లాడుతూ యాభై అన్నది నాకు పదిహేనుగా వినిపించింది. మళ్ళీ అడగడానికి మొహమాటపడి, పదిహేను కాపీలే ప్రింట్ తీయించాను. 'ఫిఫ్టీన్'లో ఊనిక చివర్న పడుతుంది, 'ఫిఫ్టీ'లో మొదట్లో. ఆ తేడా తెలిశాక కూడా, అంకెలు వచ్చిన ప్రతిసారీ నేను ఆగి అడుగుతాను: 'సారీ, డిడ్ యూ సే ఫిఫ్టీన్, వన్ ఫైవ్, ఆర్ ఫిఫ్టీ, ఫైవ్ జీరో?'